పనసచెట్టు పడిన గోతిలో పిక్కల మడి

పాతికేళ్ళుగా మోటార్లు విప్పుకుని బతుకుతున్నాను. ఒడిశాలోని పర్లాకిమిడిలో చిన్న రివైండింగ్ షాపు నాది. బోరు మోటార్లు, మిక్సీలు, ఎండాకాలం వస్తే ఫ్యాన్లు, కూలర్లు. మొరాయించినదాన్ని విప్పడం, కడగడం, తీగ చుట్టడం, వార్నిష్ పోసి ఆరబెట్టడం, మళ్ళీ బిగించడం. నా చేతులకి ఈ వరసే తెలుసు. మా దొడ్లో నీళ్ళగుంటకి ఫిల్టరు కట్టినప్పుడు ఈ అలవాటే నా కొంప ముంచింది.

ముందు గుంట సంగతి. 2018 అక్టోబరు 11న తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మా గజపతి జిల్లాకి, పక్కన శ్రీకాకుళం జిల్లాకి ఆ రోజు ఏమైందో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. మా దొడ్లో తాతగారి నాటి పనసచెట్టు వేళ్ళతో సహా లేచి ప్రహరీ మీద పడింది. మాను కోయించి ఒక గదికి తలుపులు చేయించాను. గొయ్యి మాత్రం మిగిలిపోయింది. వానొస్తే నిండేది, కప్పలు అరిచేవి, దోమలు లేచేవి. పూడ్పించమని అమ్మ రెండేళ్ళు పోరు పెట్టింది. 2020 లాక్‌డౌన్‌లో షాపు మూసుకుని ఇంట్లో కూర్చున్నప్పుడు పూడ్చడానికి పార పట్టినవాణ్ణి, ఏం బుద్ధి పుట్టిందో, ఇంకా తవ్వాను. పొడుగు పదడుగులు, వెడల్పు ఆరు, లోతు సగటున రెండడుగులు. అడుగున మందపాటి టార్పాలిన్ రెండు పొరలు. మొత్తం 3,400 లీటర్ల దాకా పడతాయి.

బరంపురంలో చదువుకుంటున్న మా అమ్మాయి అక్కడి నుంచి ఆక్సిజన్ కొట్టిన కవర్లలో తొమ్మిది గోల్డ్‌ఫిష్‌లు, నాలుగు కోయి పిల్లలు తెచ్చింది. మా వైపు గుంట అంటే ఆడపిల్ల అని కూడా కదా. అప్పటినుంచి అమ్మకి ఒకటే మాట: "నీకిద్దరు గుంటలురా. ఒకర్తి బరంపురంలో, ఒకర్తి దొడ్లో. ఇద్దరికీ డబ్బులు పొయ్యడమే నీ పని."

మొదటి ఏడాది బాగానే ఉంది. రెండో ఎండాకాలానికి నీళ్ళు పాలకూర పప్పులా తయారయ్యాయి. బెత్తెడు లోతు కనపడేది కాదు. చేపలు బతికున్నాయో లేదో మేత వేస్తే తప్ప తెలిసేది కాదు. ఆ రోజుల్లోనే అమ్మ చేతిలోంచి స్టీలు చెంబు జారి అందులో పడిపోయింది. అమ్మ పెళ్ళినాటిది, పేరూ తారీఖూ చెక్కించి ఇచ్చిన చెంబు. కర్రతో కెలికాం, చెయ్యి పెట్టి వెతికాం. దొరకలేదు.

నీళ్ళన్నీ తోడేసి కొత్తవి పెట్టాను. పది రోజులు తిరక్కుండా మళ్ళీ పచ్చ. స్పాంజి ఉన్న చిన్న ప్లాస్టిక్ ఫిల్టరు ఒకటి కొన్నాను. అది రెండ్రోజులకొకసారి జిడ్డు పట్టి ఆగిపోయేది. నీళ్ళు కొత్తవైతే ఏం లాభం, అందులో పడే ఎరువు పాతదే. చేప తిన్నది అమ్మోనియాగా బయటికొస్తుంది, మిగిలిన మేత కుళ్ళి అదే అవుతుంది. పొలంలో యూరియా చల్లి గడ్డి మొలవకూడదంటే ఎలాగ? ఆ ఎరువుని నాచు కంటే ముందు తినేసేది ఇంకొకటి ఉండాలి.

అలా వెతుక్కుంటూ పోతే తగిలింది ఈ ఊబి ఫిల్టరు. ఇంగ్లీషులో బాగ్ ఫిల్టర్ అంటారు. మా ఆవిడ పెట్టిన పేరు పిక్కల మడి, పిక్క అంటే కంకర. అదే ఖాయమైపోయింది. గుంట పక్కన కాస్త ఎత్తులో ఒక తొట్టి. తొట్టి అడుగున చీలికలు కోసిన పీవీసీ గొట్టాలు. వాటి మీద అడుగుపైన మందాన సన్నపిక్క. పంపు గుంటలోని నీళ్ళని గొట్టాల్లోకి తోస్తుంది, నీళ్ళు పిక్క సందుల్లోంచి పైకి వచ్చి, ఒక పక్క గండి మీదుగా తిరిగి గుంటలోకి దూకుతాయి. నీరు పల్లమెరుగు కాబట్టి తిరుగు ప్రయాణానికి కరెంటు అక్కర్లేదు. పిక్కలో మొక్కలు నాటతాం. మట్టి వెయ్యకూడదు, చారెడు కూడా.

తొట్టి విస్తీర్ణం గుంటలో పదోవంతు నుంచి మూడోవంతు దాకా ఉండొచ్చంటారు. చేపలు ఎక్కువైతే పెద్దది కావాలి. నేను నాలుగోవంతు పెట్టుకున్నాను: ఆరడుగులు పొడుగు, రెండున్నర వెడల్పు. ఇటుక కట్టి లోపల ప్లాస్టరింగ్ చేయించాను. తాపీమేస్త్రి ఉండగానే మా బావ గోడ మీంచి తొంగిచూసి, "ఏటి బావా, దొడ్లో గోరీ కడతన్నావు? ఎవులికి?" అన్నాడు. ఆరు బై రెండున్నర మరి, అనుమానం రావడంలో తప్పులేదు.

కొత్త సిమెంటులో సున్నం నీళ్ళలోకి దిగుతుంది, చేపలకి మంచిది కాదు. అందుకని తొట్టి నింపి రెండ్రోజులు ఉంచి పారబోయడం మూడుసార్లు చేశాను.

గొట్టాల పని నాకు ఇష్టమైన పని. ఒకటింపావు అంగుళం పీవీసీ, అయిదడుగుల ముక్కలు రెండు పక్కపక్కన. ప్రతి రెండంగుళాలకీ ఒక కోత, గొట్టం అడ్డుకొలతలో మూడోవంతు దాకా. అరవై కోతలు. మామూలు హాక్సా బ్లేడుతో కోస్తే చీలిక మరీ సన్నగా వస్తుంది, నాలుగు రోజుల్లో పూడిపోతుంది. అందుకని ఫ్రేములో రెండు బ్లేళ్ళు కలిపి బిగించాను. మోటారు స్లాట్లలో గట్టిపడిన పాత తీగ తీసేటప్పుడు నేర్చుకున్న కిటుకు ఇది. కోతలు కింద వైపుకి తిప్పి పరిచాను, పైనుంచి పిక్క నలుసులు పడకుండా. రెండు గొట్టాల చివర్లూ తొట్టి గోడలోంచి బయటికి తెచ్చి మర మూతలు బిగించాను. ఆ మూతలు లేకుండా కట్టేవాళ్ళు ఉన్నారు, పిక్కంతా తీస్తే తప్ప అడుగు కడగలేరు. రెండు మూతల ఖర్చుకి కక్కుర్తి పడొద్దు.

ఇక పంపు. కూలర్లలో వాడే జాతిదే కాస్త పెద్దది, 40 వాట్లు. గంటకి 4,000 లీటర్లని డబ్బా మీద రాసుంది. ఆ అంకె అసలు ఎత్తే లేనప్పుడు. నీళ్ళని పైకెత్తాలి, వంపులు తిప్పాలి, పిక్కలోంచి తొయ్యాలి. గండి కింద ఇరవై లీటర్ల బకెట్ పెట్టి ఫోన్లో సెకన్లు లెక్కపెట్టాను. 36 సెకన్లలో నిండింది. అంటే గంటకి 2,000 లీటర్లు. డబ్బా మీద రాసినదాంట్లో సగం. గుంట మొత్తం రెండు గంటల్లోపే ఒకసారి తిరిగి వస్తుంది, నాకు చాలు. డబ్బా అంకె చూసి కొనేవాళ్ళు బకెట్ లెక్క ఒకసారి చేసుకోండి.

ఈ పంపుని మొదటిరోజే విప్పానని వేరే చెప్పాలా? లోపల రోటరు ఒక అయస్కాంతం ముక్క, అంతే. వైండింగంతా ఎపాక్సీలో సమాధి. కాలిపోతే చుట్టడానికి తీగ అందదు, పారెయ్యడమే. నా వృత్తికి ఇంతకంటే అవమానం లేదు. ఒక తమాషా ఏమిటంటే ఆ రోటరు ఆన్ చేసినప్పుడల్లా ఒకే వైపు తిరగాలని రూలు లేదు, ఎటు వీలైతే అటు మొదలుపెడుతుంది. అందుకే దాని రెక్కలు వంపు లేకుండా తిన్నగా ఉంటాయి. ఎటు తిరిగినా నీళ్ళు ఒకటే.

నీళ్ళలో కరెంటు కాబట్టి ఒక్క మాట గట్టిగా చెప్తాను. కరెంటు లీకైతే వెంటనే లైను తెంచేసే స్విచ్చి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, లేకుండా పంపు పెట్టకండి. ఎంసీబీ ఉంది కదా అనొద్దు. ఎంసీబీ కాపాడేది తీగని, మనిషిని కాదు.

పిక్క పది ఎంఎం సైజు, ముప్పావు టన్ను దాకా పట్టింది. క్రషర్ నుంచి ఆటో ట్రాలీలో వచ్చింది. సున్నపు జాతి రాయి ఉందేమోనని గుప్పెడు పిక్క మీద వెనిగర్ పోసి చూశాను, నురగ రాలేదు. రాలేదు కదా అని సంబరపడి, పైపైన రెండు బకెట్లు నీళ్ళు కొట్టి తొట్టిలో పోయించేశాను. పంపు ఆన్ చేసిన పది నిమిషాలకి గుంట మొత్తం సిమెంటు రంగు. క్రషర్ బూడిద. పిక్కంతా బయటికి తీసి, జల్లెడలో గంపెడు గంపెడు కడిగి మళ్ళీ పోయడానికి ఇద్దరం నాలుగు రోజులు వంగాం. మా ఆవిడ టెక్కలి మనిషి, మాట తూకంగా మాట్లాడుతుంది. మూడోరోజు సాయంత్రం నడుం పట్టుకుని, "కడగడం అయ్యాక పోస్తారా, పోశాక కడుగుతారా, ముందే చెప్పుంటే మా తమ్ముణ్ణి పిలిచేదాన్ని కదండీ" అంది.

ఇప్పుడు ఆ ముప్పావు టన్నులో ఏం జరుగుతుందో చెప్తాను. నాకు ఈ లెక్క వేసుకున్నాకే దాని మీద నమ్మకం కుదిరింది. గొట్టంలో నీళ్ళు నిమిషానికి నలభై మీటర్ల వేగంతో వస్తాయి. తొట్టిలోకి విప్పారేసరికి అదే నీటిమట్టం నిమిషానికి ఒక అంగుళం చొప్పున పైకి లేస్తుంది. ఆ నెమ్మదికి బరువైన మడ్డి అడుగునే కూర్చుండిపోతుంది. పిక్క సందుల్లో ఎప్పుడు చూసినా రెండొందల లీటర్ల నీళ్ళుంటాయి, ప్రతి చుక్కా ఆరు నిమిషాలు రాళ్ళని రాసుకుంటూ పోతుంది. ఇక ఆ పిక్క గింజలన్నిటి పైతోలు ఒలిచి నేల మీద పరిస్తే, సుమారు 180 చదరపు మీటర్లు. అంటే నాలుగు సెంట్ల పైచిలుకు. మా ఇల్లు, దొడ్డి కలిపి ఉన్నది నాలుగు సెంట్లు! గోరీ అంత తొట్టిలో మా స్థలమంతా మడత పెట్టి పెట్టినట్టు.

ఆ పైతోలు మీద సూక్ష్మజీవులు కాపురం పెడతాయి. నైట్రోసోమోనాస్ లాంటివి అమ్మోనియాని నైట్రైటుగా మారుస్తాయి, నైట్రోస్పైరా లాంటివి దాన్ని నైట్రేటు చేస్తాయి. మొదటి రెండూ చేపకి విషం, మూడోది మొక్కకి అన్నం. ఈ సంతతి పెరగడం మాత్రం మహా నిదానం. పాలు తోడుకున్నట్టు రాత్రికి రాత్రి అయ్యేది కాదు. ఒకటి రెండు కావడానికి ఒక పూట నుంచి రోజు దాకా పడుతుంది. తొట్టి నిండా కుదురుకోవడానికి నెల, నెలన్నర.

ఇవన్నీ నాకు అప్పుడు తెలియవు. తెలిసిందల్లా, రెండు వారాలకి పిక్క మీద గోధుమరంగు జిగురు పట్టిందని. వేలు పెడితే జారుతోంది. నా కంటికి అది మోటారులో బ్రష్షులు రాసుకునే రాగి చుట్టు, కమ్యుటేటర్, కార్బన్ పట్టినట్టు కనపడింది. ఆదివారం పంపు ఆపి, గునపంతో పిక్క కదిపి, కుళాయి గొట్టం పెట్టి తళతళలాడేలా కడిగాను. తరవాతి ఆదివారం మళ్ళీ జిగురు, మళ్ళీ కడిగాను. కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటుందన్న ధ్యాస కూడా లేదు. మూడో ఆదివారం కడుగుతూ కడుగుతూ అనుకున్నాను, ఇంత శుభ్రంగా ఉంచినా నీళ్ళు ఇంకా పచ్చగానే ఉన్నాయేమిటి, పంపు చిన్నదైందా అని.

మంగళవారం తెల్లారి అమ్మ లేపింది. "ఒరే, నీ చేపలు పైకొచ్చేసి ఆవులిస్తన్నాయి." పదమూడూ నీటి మీదికి తేలి నోళ్ళు తెరుచుకుని గుటకలు వేస్తున్నాయి. తెల్లవారుజామున నీళ్ళలో ప్రాణవాయువు అన్నిటికంటే తక్కువుంటుంది, పైగా అమ్మోనియా మొప్పల్ని కాల్చేస్తోంది. అమ్మాయి ఇచ్చిన, అమ్మోనియా చూపించే చుక్కల మందుతో పరీక్ష చేశాను. పసుపుగా ఉండాల్సిన సీసా ముదురాకుపచ్చకి తిరిగింది. సగం నీళ్ళు తోడేసి, డ్రమ్ముల్లో నిలవ ఉంచిన బోరు నీళ్ళు పోశాం. అయినా మధ్యాహ్నానికి రెండు గోల్డ్‌ఫిష్‌లు పోయాయి.

అమ్మాయికి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తరవాత అడిగింది, "ఆ జిగురు కడిగేశావా నాన్నా?"

"కడిగాను. మూడుసార్లు."

"అదే నీ ఫిల్టరు నాన్నా. రాళ్ళు దానికి బల్లలు, అంతే."

నాకు పాఠం చెప్పినవాళ్ళు చాలామంది ఉన్నారు గానీ ఇంత తక్కువ మాటల్లో ఎవరూ చెప్పలేదు. గునపం తీసుకెళ్ళి షాపులో పెట్టేశాను, ఇంట్లో ఉంటే చెయ్యి ఊరుకోదని. మేత రోజు విడిచి రోజు చిటికెడు. ఆదివారాలు దొడ్లోకి వెళ్ళి, చేతులు వెనక్కి కట్టుకుని, జిగురు ముదరడం చూసి వచ్చేవాణ్ణి. నా జీవితంలో విప్పకుండా బాగుచేసిన మిషను ఇదొక్కటే.

మొక్కలు ఈలోపు అందుకున్నాయి. గెడ్డ ఒడ్డు నుంచి వస తెచ్చాను. వేళ్ళకి మట్టి లేకుండా కడిగి పిక్కలో దూర్చాను. ఇక్కడ మాత్రం కడగాలి! మాటలు తొందరగా రావాలని చంటిపిల్లలకి వసకొమ్ము అరగదీసి నాకిస్తాం కదా. అమ్మ అది చూసి, "మీ అమ్మాయికి నాకించి అనుభవిస్తన్నాం, ఇప్పుడు చేపల్ని కూడా వసపిట్టల్ని చేస్తావా" అంది. ఎర్రపూల మెట్టతామర రెండు దుబ్బులు, ఒక చేమ, అంచున సరస్వతి ఆకు. జమ్ము మాత్రం వెయ్యలేదు. దాని దుంపమొనలు సూదుల్లాంటివి. మా తొట్టికి సిమెంటు గోడ ఉంది కాబట్టి సరే, టార్పాలిన్ వేసుకున్నవాళ్ళకి అది చిల్లులు పెట్టేస్తుంది. గుర్రపుడెక్క కూడా ఒకప్పుడు గుంటలో వేశాను. ఎరువు బాగా తింటుంది, నిజమే, నెల తిరిగేసరికి గుంటని కూడా తినేస్తుంది.

అన్నిట్లోకీ గట్టి పనిమంతురాలు తూటికూర. నాలుగు కాడలు గుచ్చితే నెలకి తొట్టి మూసేసింది. వారానికోసారి కోస్తాం. కొయ్యడం ముఖ్యం, ఆకు కోసి బయట పడేస్తేనే ఎరువు నీళ్ళలోంచి నిజంగా పోయినట్టు. ఎండి అక్కడే రాలితే మళ్ళీ నీళ్ళకే అప్పు. మా ఇంట్లో వేపుడుకి ఇంత ఉంచి, మిగతాది పక్కింటి ఒడియా మావుసికి. వాళ్ళు దాన్ని కళమ శాగ అంటారు. ఆవిడ గిన్నె తిరిగి ఇచ్చేటప్పుడు ఖాళీగా ఇవ్వదు, కాబట్టి లెక్కకి ఈ ఫిల్టరు మాకు పిఠాలు, అంటే వాళ్ళ పిండివంటలు, కూడా పెడుతోంది.

దోమల గురించి అందరూ అడుగుతారు. మలేరియా జిల్లా మాది, అడగాలి కూడా. నీటిమట్టం పిక్క పైఅంచుకి ఒక అంగుళం కిందే ఉండేలా గండి పెట్టాను. పైన నిలవనీళ్ళే లేకపోతే దోమ గుడ్లెక్కడ పెడుతుంది? గుంటలో పెడితే చేపలకి ఫలహారం.

కడగడం మానేసిన ఆరో వారం చుక్కల మందు పసుపు దాటలేదు. నీళ్ళు మాత్రం ఇంకో పది రోజులు మొండికేశాయి, తరవాత రెండు మూడు రోజుల్లోనే తేటబడ్డాయి. ఒక పొద్దున్న పళ్ళు తోముకుంటూ వెళ్ళి చూస్తే అడుగు కనపడుతోంది. టార్పాలిన్ మడతలు, పనస వేరు మొద్దు ఆనవాలు, ఒక మూల బోర్లాపడి అమ్మ చెంబు. నేను తీసేలోపే అమ్మ వచ్చి, చీర కుచ్చిళ్ళు దోపుకుని, మెట్టు మీద కూర్చుని తనే తీసుకుంది. పాచి పట్టిందే గానీ స్టీలు స్టీలే. చింతపండుతో తోముతుంటే చెక్కిన అక్షరాలు ఒక్కొక్కటీ బయటపడ్డాయి. తాతగారి పేరు, కింద తారీఖు. ఆ పూట దాంతోనే మంచినీళ్ళు తాగింది.

మిగిలిన తలనొప్పి కరెంటు. 40 వాట్లు రోజంతా అంటే రోజుకి యూనిట్‌కి కాస్త తక్కువ, నెలకి 29 యూనిట్లు. మా తాత మద్రాసు ప్రెసిడెన్సీలో పుట్టి, 1936 ఏప్రిల్ 1న ఇంట్లోంచి అడుగు కదపకుండానే ఒడిశాలోకి వచ్చినవాడు, అందుకని మా ఇంటి బిల్లు ఒడియాలో వస్తుంది, దాని మీద మా ఆవిడ వ్యాఖ్యానం తెలుగులో నడుస్తుంది. బిల్లు సరే, కోతల సంగతే అసలు బాధ. పంపు రాత్రంతా ఆగిపోతే పిక్కలో సూక్ష్మజీవులకి ప్రాణవాయువు అందదు. కిందటి వర్షాకాలం ఒకసారి పదకొండు గంటలు పోయింది. కరెంటు వచ్చి పంపు తిరిగీతిరగగానే కుళ్ళిన కోడిగుడ్డు వాసన. గభాలున మర మూతలు విప్పి ఆ మొదటి నీళ్ళని అరటిచెట్లకి వదిలేశాను, గుంటలోకి పోనివ్వలేదు. ఇప్పుడు ఇంట్లో ఇన్వర్టర్ నుంచి ఒక లైను లాగాను. ఫ్యాను ఆగినా పంపు ఆగదు. ఈ ఏర్పాటు మీద ఇంట్లో ఏకాభిప్రాయం లేదు.

ఏడాదికి ఒక్కసారి, సంక్రాంతి వెళ్ళాక, ఆ మూతలు విప్పి అడుగు మడ్డిని అరటిపాదులోకి వదులుతాను. నల్లగా, చిక్కగా వస్తుంది. నీళ్ళు తేటబడగానే బిగించేస్తాను. పై పిక్క జోలికి పోను.

గోరీ ఎవరికి అని అడిగిన బావకి ఇప్పుడు తన దొడ్లోనూ ఒకటి కావాలట. సిమెంటు వరలు కొనేశాడు, పిక్క కూడా దింపించాడు. శనివారం గొట్టాలు కోయడానికి వెళ్తున్నాను, రెండు బ్లేళ్ళూ నావే. పిక్క కడగడం మాత్రం శుక్రవారం లోపు పూర్తి చేసి పెట్టుకోమన్నాను. దానికి నన్ను పిలవొద్దని మా ఆవిడ చేత కూడా చెప్పించాను.